నీటి సాలు

మేడమ్ వాళ్లు పెళ్లికని బహ్రెయిన్ పోయారు.
నాకు రెండు రోజులు.
తాళాల గుత్తి ఇచ్చేసి వట్టి చేతుల్తో బయటపడితే
సందు చివర రాజలింగం.
రూమ్మేటు దగ్గర అడిగి తెచ్చిన కారు, ఎడమ అద్దం దిగదు,
వెనక సీట్లో చాప, నీళ్ల సీసాలు,
సత్తు గిన్నెలో తెల్లారుజామునే లేచి వండిన కోడికూర.

పెళ్లయి తొమ్మిదేళ్లు.
ఒకే అబూదాబీలో ముప్పై కిలోమీటర్ల ఎడంగా కాపురం.
కలిసి పడుకున్న రాత్రులన్నీ కలిపితే
ఒక్క క్యాలెండరు కూడా నిండదు.

"యాడికి?" అన్నాను.
"నీ పిట్టలకాడికి," అన్నాడు.

అల్ వత్బా.
ఇసుక దిబ్బల మధ్య ఎవరో ఒలకబోసి మరిచిపోయినట్టు నీళ్లు,
నీళ్లలో వందల కాళ్ల మీద నిలబడ్డ గులాబీ రంగు.
నేను పులికాట్ పిల్లని.
ఇరకం రేవులో పడవ కోసం కాచుకుంటూ
ఈ ఫ్లెమింగోల కాళ్ల సందుల్లోంచి పొద్దు గుంకడం చూసినదాన్ని.
తల కిందికి వంచి బురదని వడగట్టే ఆ తీరు
రొయ్యపొట్టు చెరిగే మా మేనత్తదే.
మీరెప్పుడొచ్చారే ఇక్కడికి, అని అడగబోయి
పాస్‌పోర్టు అడిగినట్టుంటుందని ఊరుకున్నాను.

రాజలింగం పిట్టల్ని చూడలేదు.
అంచున గొంతుక్కూర్చుని నీళ్ల వాసన చూశాడు.
"ఇవి ఏడి నీళ్లో ఎరుకేనా?"

ఆరేళ్లుగా అతని ట్యాంకరు
లేబర్ క్యాంపుల మురుగు మోసుకెళ్లి పోసేది ఇటువైపు ప్లాంటులోనే.
అక్కడ తేర్చి వదిలిన నీళ్లే ఈ చెరువంట, వాచ్‌మన్ చెప్పాడు.
వందల మంది పళ్లు తోమి ఉమ్మిన నీళ్లు,
సిమెంటు బనీన్లు పిండిన నీళ్లు.
అందులో పురుగు, ఆ పురుగు తిని ఈ రంగు.

సిగ్నల్ దగ్గర అతని బండి ఆగితే
పక్క కార్ల అద్దాలు పైకి లేస్తాయి.
ఆ పొద్దున లేచి నిలబడి, చొక్కా సర్దుకుని,
"ఫోటో తియ్యి. పిట్టలు గూడ రావాలె," అన్నాడు.

మధ్యాహ్నం జుబైల్ మడ అడవి.
చెక్కదారి కింద బురదలోంచి
ముక్కులు పైకెత్తి ఊపిరి పీలుస్తున్న వేళ్లు.
"ఆకు నాకి చూడు," అన్నాను.
నాకాడు. "ఉప్పు!"
"తాగిన ఉప్పుని కడుపులో దాచుకోదు ఈ చెట్టు."
ఊరికే అన్న మాట.
అతను రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు నిలబడి
తమ్ముడి షాపుకని రెండేళ్ల కిందట చేసిన అప్పు సంగతి
ఆకుకి చెప్పినట్టు చెప్పాడు.

మిర్ఫా దాకా నేను నోరు విప్పలేదు.
దిగని అద్దం వైపే కూర్చున్నాను.
కోడికూర చల్లారిపోయింది.
రాత్రి కార్లోనే పడుకున్నాం, ఒకరి వీపు ఒకరికి.

తెల్లారి సముద్రం ఎంత వెనక్కి పోయిందంటే
మోకాలి లోతులో అర కిలోమీటరు నడవచ్చు.
దీవుల వైపు పోనివ్వరు, అది సముద్రపు ఆవుల రక్షిత మేర,
అని వల విదిలిస్తున్న తొఫజ్జల్ చెయ్యి ఊపాడు.
ఆవు కనపడుతుందేమోనని చూసి చూసి నా కళ్లు మండాయి.

కేక వేసింది రాజలింగమే.
"ఓ, ఇటు రా! ఎవరో దున్నిన్రు!"

అద్దంలాంటి నీళ్ల కింద పచ్చగడ్డి.
గడ్డి మధ్య ఒకటి, దాని పక్కన ఇంకొకటి,
మూతితో పెళ్లగిస్తూ మేసుకుపోయిన జాడలు.
"సాలు," అన్నాడు. "చూడు, వంకర్లు గూడ లేవు."
పదకొండేళ్లుగా మట్టిని తాకని పాదం
మెల్లగా అందులో పెట్టాడు.
సరిగ్గా పట్టింది.

నేను చీర ఎగ్గట్టుకుని నీళ్లలోకి దిగాను.
"ఎంత?" అన్నాను.
"సాలా?"
"అప్పు."
చెప్పాడు. నేననుకున్న దానికంటే ఎక్కువే.

రాత్రి పదికి గేటు మూస్తారు.
ఇంకా రెండు గంటలు ఉండొచ్చని లెక్కేసి
ఆ సాలు ఎందాకా పోయిందో చూద్దామని
ముందుకి నడిచాం.